పసుపు కొమ్ముతో అయస్కాంతంలోకి

నా గుండె చప్పుడు పక్కవాళ్లకు కూడా వినిపిస్తుంది. గొప్ప కోసం చెప్పడం లేదు. లోపల ఒక వాల్వు పాడైతే తీసేసి దాని చోట లోహంతో చేసిన వాల్వు పెట్టారు. అది మూసుకున్నప్పుడల్లా టిక్కుమంటుంది. సూరత్‌లోని ఉధ్నాలో మా గదికి రెండు వైపులా మరమగ్గాల కార్ఖానాలే కాబట్టి మామూలుగా ఆ చప్పుడు నాకే వినబడదు. కరెంటు పోయి మగ్గాలు ఆగినప్పుడు మాత్రం మా అత్త చాటలో బియ్యం ఏరుతూ తల ఎత్తకుండానే, "నడుస్తుంది నీ గడియారం" అంటుంది.

ఇప్పుడు నేను బాగున్నాను. బాగున్నాను కాబట్టే రాయగలుగుతున్నాను. రాస్తుంటే మనసు కొంచెం కుదురుకుంటోంది, అది ఒక కారణం. ఇంకొకటి, నాలాగా లోహపు వాల్వు ఉన్నవాళ్లు ఎక్కడో ఒక చోట కూర్చుని భయపడుతూ ఉంటారు కదా, వాళ్ల కోసం. "నీ ఒంట్లో ఇనుముంది, నువ్వు ఎమ్మారై మిషన్‌లోకి పోకూడదు" అని ఎవరైనా చెబితే అక్కడే ఆశ వదులుకోకండి. మీ గుండె డాక్టర్ని అడగండి. ఆయన చెప్పింది అర్థం కాకపోతే మళ్లీ అడగండి. విసుక్కుంటే విసుక్కోనివ్వండి, గుండె మీది.

జనవరి, పతంగుల పండుగ దాటాక

ఆయాసం మొదట మెట్ల మీద పట్టుకుంది. మేముండేది రెండో అంతస్తులో. పర్వత్ పాటియా వైపు నుంచి ఎంబ్రాయిడరీ చీరలు మూటలుగా మా ఇంటికి వస్తాయి. వాటి వెనక వేలాడే దారాలు కత్తిరించి మడత పెట్టి ఇవ్వడం నా పని. ఆ రోజు మూటను మా అమ్మాయి మౌనిక మోసింది. ఖాళీ చేతులతో వెనకాల ఎక్కుతున్న నేను మధ్యలో ఆగి గోడ పట్టుకున్నాను. తర్వాత కూర్చుని దారాలు కత్తిరిస్తున్నా ఆయాసమే. పడుకుంటే దగ్గు.

చలికాలం కదా, అలాగే ఉంటుంది అన్నాడు మా ఆయన శంకర్. పతంగులు చూస్తూ మేడ మీద ఎక్కువసేపు నిలబడ్డావు, గాలి తగిలింది అంది మా అత్త. ఎవరికి తోచిన వైద్యం వాళ్లు చేశారు. అల్లం కషాయం తాగాను, వాము వాసన పీల్చాను, వీపుకు జండూబామ్ కూడా రాయించుకున్నాను. కానీ ఇది గుండెదేనని నాకు తెలుసు. పుట్టినప్పటి నుంచి ఈ ఒంట్లో కాపురం ఉన్నది నేను, వాళ్లు కాదు.

చిన్నప్పుడు సిరిసిల్ల దగ్గర మా ఊళ్లో నాకు కీళ్ల జ్వరం వచ్చింది. మోకాళ్లు వాచి తగ్గిపోయాయి, గుండెను మాత్రం అది వదల్లేదని చాలా ఏళ్ల తర్వాత తెలిసింది. మౌనిక బడికి పోయే వయసులో హైదరాబాద్‌లో ఆపరేషన్ చేసి వాల్వు మార్చారు. ఆ రోజుల్లో దగ్గు వస్తే దిండును ఛాతీకి అదుముకుని దగ్గమనేవారు. కోసిన ఎముక కింద ఒక్క దగ్గుకు ప్రాణం పోయి వచ్చేది. నేను ఎన్నో మరిచిపోయాను గాని ఆ దిండును మరిచిపోలేదు.

ఈసారి సూరత్‌లోనే ఒక ఆసుపత్రికి వెళ్లాం. గుండె ఎకో తీశారు. జెల్ రాసి, పక్కకు తిప్పి, మళ్లీ తిప్పి, ఊపిరి బిగబట్టమని, వదలమని చాలాసేపు చూశారు. వాల్వు లోహం అడ్డంపడి దాని వెనక ఏం జరుగుతోందో సరిగా కనబడటం లేదట. వాల్వు పక్క నుంచి రక్తం వెనక్కి కారుతున్నట్టుంది, ఎంతో తెలియదు, తెరిచి చూద్దాం అన్నాడు అక్కడి పెద్ద డాక్టరు. ఊరగాయ జాడీ మూత తెరుద్దాం అన్నంత తేలిగ్గా అన్నాడు. మా ఆయన తల ఊపుతున్నాడు. నాకు ఒళ్లు మండింది. నాకు వచ్చిన హిందీలో ఆయనకు జవాబు చెప్పాను.

"సాబ్, పహలే దేఖో. ఫిర్ కాటో."

ముందు చూడండి, తర్వాత కొయ్యండి. అంతకన్నా తప్పేం మాట్లాడలేదు. అయినా బయటికి రాగానే ఆటోలో మా ఆయన మొదలుపెట్టాడు. పెద్ద డాక్టర్తో అట్లా మాట్లాడతారా, రేపు మనం మళ్లీ ఆయన దగ్గరికే పోవాల్సి వస్తే ఏ మొహంతో పోతాం అని. ఆయన భయం కోపమై బయటికి వస్తోందని తెలుసు. తెలిసినా ఊరుకోలేకపోయాను. కోతలు నా ఛాతీ మీద, మొహం నీది ఎట్లా అవుతుందని అడిగాను.  ఆటో అతను అద్దంలోంచి మమ్మల్ని చూస్తూ రేడియో తగ్గించాడు.

హోలీకి ముందు

మౌనిక తన కాలేజీ స్నేహితురాలి ద్వారా ఇంకో గుండె డాక్టర్ని పట్టుకుంది. గుజరాతీ ఆవిడ, నా వయసే ఉంటుంది. నా మాట పూర్తిగా విన్నది, మధ్యలో ఫోన్ మోగినా ఎత్తలేదు. ఆ ఒక్క పనికే నాకు ఏడుపు వచ్చింది. ముందు ఎక్స్‌రే వీడియోలాంటిది తీయించి, వాల్వు రెక్కలు రెండూ బాగానే తెరుచుకుంటున్నాయని చూసింది. ఇక తేలాల్సింది పక్క నుంచి ఎంత కారుతోందన్నది. ఎక్కువ కారుతుంటే ఆపరేషన్ తప్పదు, తక్కువైతే మందులతో లాగొచ్చు. అది తేల్చడానికి గుండె ఎమ్మారై చేయిద్దాం అంది. వాల్వు చుట్టూ బొమ్మలో నల్ల మచ్చలా పడుతుందట, అయినా గుండెలోంచి రక్తం ఎంత ముందుకు పోతోంది, ఎంత వెనక్కి వస్తోంది అనేది ఆ మిషన్ కొలవగలదట.

దగ్గర్లో ఉన్న స్కాన్ సెంటరుకు వెళ్తే కౌంటర్లో మనిషి గుండెలో మెటల్ వాల్వు అనే మాట వినగానే చేతులు అడ్డంగా ఊపాడు. కుదరదు, చాలా పెద్ద అయస్కాంతం అది అన్నాడు. మా ఆయన భయపడటానికి ఆ మాట చాలు. ఎందుకంటే అయస్కాంతం అంటే ఏమిటో మా వాళ్లకు బాగా తెలుసు. మగ్గం కింద పడిన పిన్నులు, నట్లు ఏరడానికి కార్ఖానాలో కర్రకు కట్టిన అయస్కాంతం ఒకటి ఉంటుంది. దాన్ని అలా చూపిస్తే చాలు, మూల మూలల నుంచి ఇనుము లేచి వచ్చి అతుక్కుంటుంది. ఇరవై ఏళ్లుగా అది చూస్తున్న మనిషి వేరేగా ఎలా ఆలోచిస్తాడు?

"లోపలున్నది ఇనుమే గదనే. గా మిషిన్ గుంజుకుంటె మన గతేంది?" అన్నాడు.

అంతటితో ఆగలేదు. మర్నాడు ఆ అయస్కాంతం కర్రను కార్ఖానా నుంచి ఇంటికే తెచ్చాడు. మధ్యాహ్నం నేను కునుకు తీస్తుంటే ఛాతీ మీదికి ఏదో వంగినట్టు అనిపించి కళ్లు తెరిచాను. మా ఆయన ఊపిరి బిగబట్టి, కర్రను నా జాకెట్ మీద అటూ ఇటూ తిప్పుతున్నాడు. హుక్కులు రెండు టక్కుమని అతుక్కున్నాయి. ఆయన మొహం పాలిపోయింది. హుక్కులు విడదీసి చూస్తే లోపలిది మాత్రం కదల్లేదు. నాకు నవ్వొచ్చింది, నవ్వితే దగ్గొచ్చింది, దగ్గితే ఆయనకు మళ్లీ భయం పట్టుకుంది.

ఈ సంగతి చెబితే డాక్టరమ్మ మా ఆయన్ని బాగా తిట్టింది. అది పరీక్ష కాదు, ఇంకెప్పుడూ చేయొద్దంది. నా ఎదుటే హైదరాబాద్ ఆసుపత్రికి ఫోన్ చేసి నాకు పెట్టిన వాల్వు ఏ రకమో కనుక్కుంది. ఆ వాల్వుతో ఎమ్మారై చేయొచ్చని, అయస్కాంతం పీకేసే లోహం కాదని, కండకు కుట్టి ఉంటుందని మా ఆయనకు మెల్లగా హిందీలో వివరించింది. గుండె ఎమ్మారైలు రోజూ చేసే పెద్ద ఆసుపత్రికి రాసిచ్చింది. ఆయన ఒప్పుకున్నాడు. సగం నమ్మకంతోనే, కానీ ఒప్పుకున్నాడు.

ఏప్రిల్ మొదట్లో

ఇక అడ్డం మా అత్త. మిషన్‌లోకి పోయే ముందు ఒంటి మీద లోహం ఏదీ ఉండకూడదు. కమ్మలు, ముక్కుపుడక, మెట్టెలు, పుస్తెలు. మొదటి ఆపరేషన్ అప్పుడు కూడా తీశారు గాని, అప్పుడు అత్త సూరత్‌లో మౌనికను చూసుకుంటూ ఉండిపోయింది. ఎవరూ ఆమెకు చెప్పలేదు. ఇప్పుడు మౌనిక ఆ సూచనలన్నీ గట్టిగా చదివి వినిపించింది. పుస్తెల దగ్గరికి వచ్చేసరికి అత్త చేతిలోని జరీ కండె ఆగిపోయింది.

మా అత్త గంగవ్వకు డెబ్బై దాటాయి. మామ పోయాక కూడా ఆమె ఖాళీగా కూర్చున్నది లేదు. చీరల అంచులకు వాడే జరీని చిన్న మిషన్ మీద కండెలకు చుట్టి ఇస్తుంది. తెగిన పోగును కళ్లు మూసుకుని అతుకుతుంది. ఎవరికీ భయపడదు, కార్ఖానా సేఠ్‌కు కూడా. ఆ రోజు మాత్రం గొంతు చిన్నదైపోయింది.

"మెడల అవి లేకుండ ఎట్ల పోతవు బిడ్డా? నేను గూడ గిట్లనే తీసిన. మళ్ల కట్టుకోలే."

"నువ్వు తీసింది మామ పోయినంక, అత్తా. నేను బతుకుదామని తీస్తున్న."

ఆమె కండె పక్కన పెట్టి లేచింది. రెండు రోజులు నాతో మాట్లాడలేదు, కానీ నా కంచంలో అన్నం వేడిగా పడుతూనే ఉంది. మౌనిక మధ్యలో దూరి, "దాదీ, అది ఖాలీ రూల్ ఉంటది, టెన్షన్ మత్ లే" అని నాయనమ్మకు నచ్చజెప్పింది. ఏ భాషలో చెప్పినా భయం భయమే. నాకు కోపం వచ్చింది, జాలీ వచ్చింది.  అయినా వెనక్కి తగ్గలేదు. అవసరమైతే బోసి మెడతోనే పోతానని తెగేసి చెప్పాను.

చివరికి దారి ఆమే వెతికింది. పుస్తెలు తీయాల్సి వచ్చినప్పుడు పసుపు కొమ్మును దారానికి కట్టి మెడలో వేసుకోవడం మాలో ఉన్నదే. వెళ్లే రోజు పొద్దున్నే కూర్చుని దారం పేనింది. పసుపు ముద్దగా కలిపి దానికి దట్టంగా పట్టించింది, కొమ్ము కట్టింది. కానీ నా మెడలో మాత్రం తను వేయలేదు. కింద గదిలో ఉండే ముత్తయిదువ భూలక్ష్మిని పిలిపించింది. పుస్తెల తాడు ముడి రాకపోతే భూలక్ష్మే కత్తిరించి తీసి, పసుపు కొమ్ము కట్టింది. మా అత్త తలుపు దగ్గర చేతులు వెనక్కి పెట్టుకుని నిలబడింది. నేను చూశాను. 

మా ఆయన, అత్త, నేను ఆ పెద్ద ఆసుపత్రికి వెళ్లాం, అక్కడ వెయిటింగ్ రూము పెద్దది. నీలం కుర్చీలు, గోడకు చప్పుడు లేని టీవీ. నా పక్కన ఒక ముసలాయన తన ఎక్స్‌రేను గాలికి విసనకర్రలా ఊపుకుంటున్నాడు. పేరు పిలిచాక గౌను ఇచ్చారు. చీర, గాజులు అన్నీ అత్త ఒళ్లో పెట్టాను. మిషన్ గది తలుపు దగ్గర టెక్నీషియన్ నన్ను ఆపి మెడలో దారం ఏమిటని అడిగాడు. పసుపు దారం, లోహం కాదు అన్నాను ధైర్యంగా. ఆయన నమ్మలేదు. రెండు వేళ్లతో దారాన్ని నలిపాడు. పసుపు రాలిపోయి లోపలి నుంచి బంగారంలా తళుక్కుమంది.

అది జరీ. మా ఇంట్లో దారం అంటే చేతికి అందేది జరీయే. పుస్తెలు తీసిన మెడ కదా, ఉత్త దారం ఏం బాగుంటుందని, బంగారానికి బదులు కనీసం బంగారంలాంటిదన్నా ఉండనీ అని మా అత్త నాలుగు పోగులు కలిపి పేనింది. పైన పసుపు పట్టించడంతో ఎవరికీ కనబడలేదు. దీంతో లోపలికి పోతే వేడెక్కి మెడ కాలుతుంది అన్నాడు టెక్నీషియన్. ఆయన కోపంగా అనలేదు గాని, మా అత్తకు కాలుతుంది అనే మాట ఒక్కటే వినబడింది. కుర్చీలోంచి లేవబోయి మళ్లీ కూలబడింది.

"నేను పేనిన దారం గదా, గందుకే అడ్డమొచ్చింది. నా చెయ్యి తగులొద్దుండె."

ఉత్త నూలు దారమైతేనే సరే అన్నాడు టెక్నీషియన్, దానికోసం మా ఆయన కిందికి పరుగెత్తాడు. సూరత్‌లో దారానికి కొదవా అనుకుంటారు. ఊరంతా దారమే, కానీ అంతా పాలిస్టర్. చుట్టుపక్కల దుకాణాల్లో అడిగి, చెమటలు కక్కుతూ పాలిస్టర్ ఉండతోనే తిరిగొచ్చాడు. టెక్నీషియన్ గడియారం చూస్తున్నాడు. ఏమీ వద్దు, ఇలాగే పోతాను అని నేను జరీ దారం తీసి అత్త చేతిలో పెట్టాను. అప్పుడు అక్కడున్న నర్సు, పేరు కూడా అడగలేదు నేను, దెబ్బలకు కట్టే గుడ్డ నుంచి ఒక సన్నటి పేలిక చింపింది. స్వచ్ఛమైన కాటన్ అంది. అత్త చేతిలోని పసుపు కొమ్మును అడిగి తీసుకుని, పేలికకు చుట్టి, నా మెడలో తనే కట్టింది. మా అత్త వైపు తిరిగి, "చింతా నా కరో, బా" అంది. గుజరాతీలో పెద్ద వయసు తల్లుల్ని బా అంటారు. మా అత్త రెండు చేతులూ ఎత్తి ఆ పిల్లకు దండం పెట్టింది.

మిషన్ గురించి అందరూ భయపెట్టారు, లోపల ఇరుకు, చెవులు పగిలే చప్పుడు అని. ఇరుకు నిజమే. చప్పుడు విషయంలో మాత్రం వాళ్లు తప్పు మనిషికి చెప్పారు. టకటకా, దబదబా, కాసేపు ఆగి మళ్లీ టకటకా. పెళ్లయి వచ్చిన రోజు నుంచి నేను నిద్రపోతున్నది ఆ చప్పుడులోనే. నన్ను కష్టపెట్టింది ఊపిరి. చెవులకు పెట్టిన హెడ్‌ఫోన్లో ఒక గొంతు హిందీలో చెబుతూనే ఉంది, పీల్చు, వదులు, ఆపు. ఆయాసపడే మనిషిని ఊపిరి ఆపమంటే ఎలా? మొదట్లో ఆపగలిగాను. తర్వాత కళ్ల వెంట నీళ్లు కారాయి. కదలకూడదు కాబట్టి తుడుచుకోలేదు. ఒకసారి మధ్యలోనే ఊపిరి వదిలేశాను. ఇబ్బందిగా ఉంటే ఆపేద్దామా, ఇంకో రోజు రావచ్చు అంది ఆ గొంతు.

ఇంకో రోజా? ఇంకో రోజుకు ఇంట్లో మళ్లీ ఎన్ని భయాలు పుడతాయో నాకు తెలుసు. ఇంకో రోజంటే పెద్ద డాక్టరు కత్తికి ఒక అడుగు దగ్గర. వద్దు, చేయండి, నేను ఆపుతాను అన్నాను. కాసేపు విశ్రాంతి ఇచ్చి మళ్లీ మొదలుపెట్టారు. ఈసారి ఊపిరి ఆపినప్పుడల్లా పసుపు కొమ్ము గొంతు గుంటలో ఒత్తుకుంటున్న చోటు మీదే మనసు పెట్టాను. పాట గుర్తు తెచ్చుకోలేదు, దేవుణ్ని తలుచుకోలేదు. పళ్లు బిగబట్టి ఆ చోటును మాత్రం పట్టుకున్నాను. అయిపోయిందని చెప్పేసరికి గౌను తడిసి ముద్దయింది.

ఫలితం వచ్చిన రోజు

ఫలితం రావడానికి వారం పట్టింది. పుస్తెలు దేవుడి పటం ముందు గుడ్డలో ఉన్నాయి. తెగిన తాడుకు బదులు కొత్త తాడు కావాలి, మంచి రోజు చూసి కట్టుకోవాలి అంది అత్త. ఆమె చూస్తున్నది మంచి రోజు కోసం కాదు, మంచి కబురు కోసమని అందరికీ తెలుసు. నా మెడలో నర్సు కట్టిన గుడ్డ పేలిక అలాగే ఉంది.

డాక్టరమ్మ గదికి నలుగురం వెళ్లాం. ఆమె తెర మా వైపు తిప్పింది. నలుపూ తెలుపూ బొమ్మలో నా గుండె ముడుచుకుంటూ విచ్చుకుంటూ ఉంది. వాల్వు ఉన్న చోట చెప్పినట్టే నల్ల మచ్చ. పక్క నుంచి కారుతోంది, నిజమే, కానీ కొంచెమే. గుండె బలంగానే ఉంది. ఒంట్లో రక్తం తగ్గిపోయి, నీరు చేరి ఆయాసం పెరిగింది. దానికి మందులు రాస్తాను, కొన్ని నెలలకు మళ్లీ చూద్దాం అంది. ఆపరేషన్ మాట ఆమె ఎత్తలేదు.  చివరికి మా అత్తే అడిగింది.

"అంటె కొయ్యరా?"

మౌనిక హిందీలో చెప్పింది. డాక్టరమ్మ నవ్వి, ఇప్పుడు కొయ్యాల్సిన పని లేదంది. మా ఆయన గోడ వైపు తిరిగి ఏడ్చాడు. నేను ఏడవలేదు. నాకు గర్వంగా అనిపించింది, దాచుకోను. చూడకుండా కోసి ఉంటే, ఆ దిండు మళ్లీ నా ఛాతీ మీద ఉండేది. కారడం ఎక్కువై ఉంటే కోయించుకునేదాన్నే. చూసి కొయ్యమన్నాను, అంతే.

ఇంటికి వచ్చేసరికి మధ్యాహ్నం. కరెంటు లేక రెండు పక్కలా మగ్గాలు ఆగి ఉన్నాయి. మా ఆయన ఊరంతా తిరిగి సంపాదించిన నూలు తాడుకు అత్త పసుపు రాసి పుస్తెలు గుచ్చింది. భూలక్ష్మిని పిలుచుకురమ్మని మౌనికకు చెప్పింది. నేను మౌనికను ఆగమన్నాను. చాప మీద అత్తకు వీపు పెట్టి కూర్చుని, జుట్టు ముందుకు వేసుకున్నాను.

"నువ్వే కట్టు, అత్తా."

"నేనెట్ల కడ్తనే? నేను ముట్టొద్దు. ఒకసారి నా చెయ్యి తగిలే గట్లాయె."

"అడ్డమొచ్చింది జరీ. నీ చెయ్యి గాదు. నువ్వు కట్టకుంటె ఈ గుడ్డ పేలికనే ఉంటది నా మెడల."

మా ఆయన ఏదో అనబోయాడు. ఆయన వైపు చూసి తల అడ్డంగా ఊపాను. వెనక అత్త చాప మీద కొంచెం ముందుకు జరిగింది. తర్వాత పుస్తెలు చల్లగా నా ఛాతీ మీదికి దిగాయి.  జీవితమంతా తెగిన పోగులు అతికిన ఆమె వేళ్లు మొదటి ముడి దగ్గర రెండుసార్లు జారాయి. రెండో ముడికి కుదురుకున్నాయి. మూడోదానికి ముందు ఆగి, నా మెడ మీదికి తల వంచింది. మగ్గాలు లేని ఆ గదిలో టిక్, టిక్ అని స్పష్టంగా వినిపిస్తోంది.

"నడుస్తుంది," అని, మూడో ముడి గట్టిగా బిగించింది.